మత పెద్దల మాటా, మనస్సాక్షా: ప్రజాప్రతినిధి దేనికి కట్టుబడాలి?

ఒక విషయం ఎంత ఆలోచించినా తేలడం లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు జాన్ కెనడీ, క్యాథలిక్ అయ్యుండి కూడా, పదవిలో చర్చి ఆదేశాలు తీసుకోనని చెప్పారు. అక్కడితో ఆగలేదు. మనస్సాక్షినో దేశ ప్రయోజనాన్నో వదులుకోక తప్పని రోజు వస్తే రాజీనామా చేస్తానన్నారు. నాకు ఈ రెండో మాటే పెద్దదనిపిస్తుంది. 1984లో న్యూయార్క్ గవర్నర్ మారియో క్యూమో వేరే దారి పట్టారు. అబార్షన్ విషయంలో చర్చి బోధన తనకు శిరోధార్యమే కానీ, దాన్ని చట్టం చేసి అందరిమీదా రుద్దలేనన్నారు.

నా చిక్కు ఇక్కడే. ఆ మనస్సాక్షిని చిన్నప్పటి నుంచి మలిచింది మతమే అయినప్పుడు, ఫలానా ఓటు సొంత నిర్ణయమా, మత పెద్దల ఒత్తిడా అని మనం ఎలా పోల్చుకోవాలి? క్యూమో పద్ధతి నిజాయితీయేనా, లేక తప్పని నమ్మినదాన్ని సాగనివ్వడమా?

బ్రిటన్ పార్లమెంటులో ఇలాంటి బిల్లులకు ప్రధాన పార్టీలు విప్ జారీ చేయకుండా వదిలేస్తుంటాయి. 2013లో స్వలింగ వివాహాల బిల్లుకు అలాగే చేశాయి. కానీ విప్ లేనంత మాత్రాన మత పెద్దల ఫోన్లు ఆగవు కదా.

చట్టసభల్లో పనిచేసినవాళ్ళు, దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, అలాంటి ఓటింగ్‌కి ముందు లోపల నిజంగా ఏం జరుగుతుందో చెప్తారా?