ఐదో గేరులో నిదానంగా పోతే ఇంజన్‌కు మేలా, చేటా?

ప్రశ్న (హనుమకొండ):
నాది 1,200 సీసీ పెట్రోలు కారు, వారానికోసారి హైదరాబాద్ వెళ్లి వస్తాను. ఇంజన్ ఎంత తక్కువ తిరిగితే పెట్రోలు అంత మిగులుతుందని 40 కిలోమీటర్ల వేగానికే ఐదో గేరు వేస్తుంటాను. అయితే కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు అదే గేరులో తొక్కితే గేర్ రాడ్ చేతిలో వణుకుతోంది, బానెట్ కింద టకటకమని చప్పుడు వస్తోంది. మెకానిక్ “ఇంజన్ గుంజలేక కొట్టుకుంటుంది సార్” అన్నాడు. మరి మైలేజీ సంగతేమిటి?

జవాబు 1:
మీ లెక్క చదును రోడ్డుకు సరిపోతుంది, బ్రిడ్జికి సరిపోదు. 80 వేగంలో ఐదో గేరులో 2,400, నాలుగో గేరులో 3,100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ఉందనుకుంటే, కిలోమీటరుకు 1,800 చుట్లతో అయ్యే పనికి నాలుగో గేరులో 2,300కు పైగా చుట్లు తిప్పుతున్నట్టు. ప్రతి చుట్టుకూ రాపిడి ఉంటుంది, దానికి పెట్రోలే ఖర్చవుతుంది. ఎక్కుడులో కథ వేరు. క్రాంక్‌కూ (పిస్టన్ల కదలికను చుట్లుగా మార్చే ఇరుసు) బేరింగులకూ మధ్య నిలిచే ఆయిల్ పొర, క్రాంక్ తిరిగే వేగంతోనే ఏర్పడుతుంది కాబట్టి, 1,200 ఆర్‌పీఎం వద్ద పెడల్ అదిమి తొక్కితే బరువు పెరిగి ఆ పొర పలచబడుతుంది. ఆ టకటక చాలావరకు నాకింగ్ అయి ఉంటుంది, అంటే మంట చేరకముందే మిగిలిన పెట్రోలు-గాలి మిశ్రమం తనంతట తాను అంటుకోవడం. మూడో గేరుకు దిగండి, 2,000 దగ్గర హాయిగా ఎక్కుతుంది.

జవాబు 2:
అలాగని ఎప్పుడూ గిర్రున తిప్పమని కాదు. పిస్టన్ ఆగి వెనక్కి మళ్లే ప్రతిసారీ దాన్ని క్రాంక్‌కు కలిపే రాడ్ మీద పడే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 2,000 నుంచి 3,000కు వెళితే అది రెండుంబావు రెట్లు. అయినా వేడెక్కిన ఇంజన్‌ను ఓవర్‌టేక్ కోసం 4,000 దాకా లాగితే ఏమీ కాదు. నా కంటికి అసలు పాపం, పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే ఎక్సలేటర్ తొక్కి రొద చేయడం.

జవాబు 3:
హైవే మీద మైలేజీ తగ్గడానికి ఆర్‌పీఎంను మాత్రమే తప్పుపట్టకండి. జనగామ దాటాక 80 నుంచి 110కి పెంచితే, గేరు అదే అయినా, గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది.

ప్రశ్నించినవారు:
నిన్న మూడో గేరులో ఎక్కాను, వణుకూ లేదు, చప్పుడూ లేదు. మరి దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగలదా?

జవాబు 1:
మిగలదండీ. గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కు పెట్రోలు కాలుతూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.