ఇసుకలో పూడిన యుద్ధనౌకను ఎట్లా పట్టుకుంటరు?

డిండివాగు, అచ్చంపేట
1971 డిసెంబర్ 3, 4 నడిమి రాత్రి విశాఖ కాడ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి చదువుతుంటే ఒక అనుమానమొచ్చింది. 95 మీటర్ల అంత ఇనుప ముద్ద సముద్రం అడుగున ఇసుకల పూడుతదా? పూడితే సోనార్‌కు (నీళ్లల శబ్దం పంపి ప్రతిధ్వనితో వస్తువులను చూసే యంత్రానికి) దొరుకుతదా?

నల్లరాయి
పూడుతది. బరువుకు కిందికి దిగుడు కొంతే, అసలు పని నీళ్లది. వరద పోయినంక వాగుల వంతెన పిల్లర్ మొదట్ల గుంత చూసిండ్రు గదా? అడ్డం తగిలిన నీళ్లు అక్కడ వేగం పెంచుకొని ఇసుకను తోడేస్తయి. ఓడ రెండు కొసలకాడ గట్లనే గుంత పడి, ఓడ దాంట్లకు ఒరుగుతది. ప్రవాహం మళ్లితే ఇసుక వచ్చి కప్పేస్తది. తుఫానుకు మళ్లీ బయటపడొచ్చు కూడా. ఇంగ్లండ్ గుడ్విన్ ఇసుక దిబ్బల్ల 1703ల మునిగిన స్టిర్లింగ్ కాజిల్ అనే యుద్ధనౌక 1979ల గిట్లనే ఇసుక తొలిగి డైవర్లకు దొరికింది, తర్వాత మళ్లీ పూడింది.

సాగర్‌కట్ట
సోనార్ అంటే ఏ సోనార్ అని అడగాలె. పడవకు రెండు పక్కల శబ్దం పంపే సైడ్ స్కాన్ (100 నుంచి 500 కిలోహెర్ట్జ్) సముద్రం అడుగు మీద లేచి ఉన్నదాన్నే చూపుతది. పూర్తిగా పూడితే ఏమీ కనబడది, 'ఇక్కడ ఓడ లేదు' అని రాసుకొని పోతరు. పెద్ద పొరపాటు అదే. పూడినదానికి ముందు మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి ఇనుమును పసిగట్టేది), ఆ తర్వాత సబ్ బాటమ్ ప్రొఫైలర్ (తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని అడుగు లోపలికి పంపేది). ప్రొఫైలర్ శబ్దం మెత్తటి బురదల పదుల మీటర్లు దిగుతది, గట్టి ఇసుకల కొన్ని మీటర్లే. బురదల గ్యాస్ ఉంటే కింద అంతా మసకే.

డిండివాగు
బోరు పాయింట్ల కోసం డోలరైట్ డైకులు (భూమిల గోడ లెక్క నిలువుగా చొచ్చిన నల్లరాయి) వెతికే మాగ్నెటోమీటర్ అదేనా?

నల్లరాయి
సూత్రం ఒకటే. ప్రోటాన్ రకం అయితే సీసాల కిరోసిన్ అసుంటి హైడ్రోజన్ ఎక్కువున్న ద్రవమే ఉంటది. కాకపోతే సముద్రంల సెన్సార్‌ను నీళ్లు చొరని గొట్టంల పెట్టి, పడవ ఇనుము ఆగం చేయకుండ పడవ పొడవుకు కనీసం మూడింతల దూరంల లాగాలె. దూరం క్యూబ్ (మూడో ఘాతం) కొద్దీ సంకేతం పడిపోతది: ఒక టన్ను ఇనుము 9 మీటర్లల 40 నానోటెస్లా (అయస్కాంత క్షేత్రం కొలత) దాకా చూపితే 30 మీటర్లల ఒక్కటే. అందుకే సెన్సార్ అడుగుకు దగ్గరగా పోవాలె. పెద్ద ఓడ కోసమైతే పడవ నడిచే లైన్ల నడుమ 50 మీటర్లు సరిపోతయి, విడి ముక్కలకైతే 10, 15.

విశాఖ, భీమిలి తీరంల నల్ల ఇసుక కూడా ఓడ లెక్కనే సంకేతం ఇచ్చి మోసం చేస్తది. అందుల మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) ఉంటది. రాతి, ఇసుక సంకేతం వెడల్పుగా సాగుతది, ఓడది బిగుతుగా లేచి పడుతది. లైన్లు కొట్టేటప్పుడు, భూమి అయస్కాంత క్షేత్రంల రోజంతా వచ్చే మార్పును లెక్కలకెళ్లి తీసేటందుకు ఒడ్డున ఇంకో మీటర్ పెట్టుడు మర్చిపోతే లైన్లు ఒకదానితో ఒకటి కలవయి.

సాగర్‌కట్ట
దొరికినంక ముట్టుకోవద్దు. ఘాజీల 90 మందికి పైగా పోయిండ్రు, అది సమాధి. మందుగుండు నీళ్లల దశాబ్దాలు నానినా పేలదనుకోవద్దు. కోఆర్డినేట్లు నోట్ చేసి నేవీకి చెప్పాలె.