రోజూ అన్నీ కొంచెం కొంచెమా, కాలానికి ఒక్కటేనా?

చర్చ ప్రారంభం: ఉపాధ్యాయురాలు, నల్లగొండ

నేను మునుగోడు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కితే సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరుతాను. నాదని చెప్పుకోగలిగిన సమయం తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర వరకు, రాత్రి తొమ్మిది నుంచి పది వరకు మాత్రమే. ఆ రెండున్నర గంటల కోసం నాలుగు కోరికలు పోటీ పడుతున్నాయి. ఎన్జీ కళాశాల మైదానంలో నడక, పెళ్లితో ఆగిపోయిన వీణ, నిజాం కాలంనాటి మా తాతగారి భూమి కాగితాలను స్వయంగా చదువుకోవడానికి ఉర్దూ, పానగల్లు ఆలయాల శాసనాల లిపి.

ఆరు నెలలపాటు ఒక్కొక్కదానికి అరగంట చొప్పున పంచి చూశాను. నడక నిలిచింది. ఉర్దూ అక్షరాలు వచ్చాయి గానీ, ఆ కాగితాలలోని గొలుసుకట్టు చేతిరాత ఇప్పటికీ అంతుబట్టడం లేదు. ఒకప్పుడు వర్ణాల దాకా నేర్చిన నేను వీణ మీద ఇంకా తొలి పాఠాలైన అలంకారాల దగ్గరే ఉన్నాను. శాసనాల నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. ఒక్కటి పట్టుకొని మిగిలిన మూడూ వదలమని మా సహోపాధ్యాయుడు అంటారు. రోజూ ముట్టుకోని విద్య చేజారిపోతుందని మా అన్నయ్య అంటాడు. మీలో అనుభవం ఉన్నవారు ఏమంటారు?

విశ్రాంత గ్రంథపాలకుడు, మహబూబ్‌నగర్

అమ్మా, నేను మీ సహోపాధ్యాయుని పక్షం. ఈ మాట వచ్చినప్పుడల్లా మా పాలమూరులో సురవరం ప్రతాపరెడ్డి గారిని ఉదాహరణగా చూపి, ఆయన వకీలు, సంపాదకుడు, పరిశోధకుడు, శాసనసభ్యుడు కాలేదా అని అడుగుతారు. ఆ సంవత్సరాలను వరుసగా పెట్టి చూడండి. గోలకొండ పత్రిక 1926లో మొదలైంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక 1934లో వెలువడింది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైంది 1952లో. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క పని ముందుకు వచ్చింది, మిగిలినవి వెనక నిలిచాయి. పైగా అవన్నీ వేర్వేరు అభిరుచులు కావని నా అభిప్రాయం. తన భాష మీద, తన ప్రాంతం మీద ఉన్న ఒకే పట్టుదల ఇన్ని రూపాలు ధరించింది. మీ నాలుగు కోరికలలో ఉర్దూ, శాసనాలు ఒక తల్లి బిడ్డలే. ఆ రెండింటినీ ఒక్కటిగా పట్టుకొని, వీణను ఒక ఏడాది పక్కన పెట్టండి.

టైపు ఇనిస్టిట్యూట్ నడిపినవాడిని, సూర్యాపేట

పెద్దవారి మాటను కాదనడానికి సందేహిస్తున్నాను గానీ, వీణను ఏడాది పక్కన పెట్టమనడం నాకు నచ్చలేదు. వేలికొసల కాయలు మెత్తబడితే మళ్లీ నొప్పితో మొదలుపెట్టాలి. చేతికి సంబంధించిన ఏ విద్య అయినా అంతే.

మా ఇనిస్టిట్యూట్‌లో ఒక్కొక్క బ్యాచికి రోజుకు ఒక గంటే ఉండేది. మిషన్లు తక్కువగా ఉండి అలా పెట్టాం గానీ, ఆ పద్ధతిలో మంచి ఉందని తరువాత తెలిసింది. బ్యాడ్‌లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు బ్రిటన్ తపాలా ఉద్యోగులు టైపు నేర్చుకున్న తీరును గమనించి 1978లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు ఒక గంట కూర్చున్నవారికి అక్షరాల స్థానాలు సుమారు 35 గంటల సాధనతో పట్టుబడితే, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవారికి దాదాపు 50 గంటలు పట్టింది. అయితే రోజుల లెక్కలో మొదటివారికే ఎక్కువ కాలం పట్టింది, అందరికంటే అసంతృప్తి పడినవారూ వాళ్లే. టీచర్ గారూ, ఇప్పుడు మిమ్మల్ని బాధిస్తున్నది ఆ అసంతృప్తే కావచ్చు. మీరు అనుకుంటున్నంతగా వెనకబడలేదు.

విశ్రాంత గ్రంథపాలకుడు, మహబూబ్‌నగర్

మీ ఉదాహరణ గట్టిదే, అంగీకరిస్తున్నాను. కానీ ఆ తపాలా ఉద్యోగులు నేర్చుకున్నది ఒకే విద్య కదా! ఒక పని ముగియకుండా మరొక దానికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే చిక్కుకుంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అరగంటకొకసారి మారే మనిషికి, ఆ అరగంటలో నిజంగా మిగిలేది ఎంత?

బత్తాయి రైతు, నిడమనూరు

మా తోటలో చెట్లకు కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు తెచ్చి, ఆ తరువాత ఒక్కసారిగా ఎరువు, నీరు అందిస్తేనే పూత కలిసివస్తుంది. ఏడాదంతా కొంచెం కొంచెం తడుపుతూ పోతే చెట్టు పచ్చగానే ఉంటుంది, పూత మాత్రం చెదిరిపోతుంది. మీ నాలుగు పేజీల నోటుపుస్తకం గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తుకు వచ్చింది.

చేనేత కుటుంబం నుంచి, పోచంపల్లి

అక్కా, ఇంతమంది మీ రెండున్నర గంటల గురించే వాదించారు. సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది వరకు మీరు ఏం చేస్తున్నారని ఒక్కరూ అడగలేదు.

మా ఇళ్లలో చిటికి, అంటే ఇక్కత్ చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ పట్టునూలును తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిరగాలి, అది నాలుగైదు గంటల పని. ఆ చాకిరీ అంతా ఆడవాళ్లదే. తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద అదే పని గంటన్నరలో అయిపోతుంది. అది మా ఇంటికి వచ్చిన ఏడాది, మా అమ్మ మధ్యాహ్నం పూట నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తనకు వచ్చిన బతుకమ్మ పాటలన్నీ రాయించింది. అంతకుముందు అమ్మకు ఏ అభిరుచీ లేదని మేమందరం అనుకునేవాళ్లం. పాటలు ఎప్పుడూ ఉన్నాయి, లేనిది మధ్యాహ్నమే. ఉన్న గంటలను ఎన్ని ముక్కలు చేయాలన్న ప్రశ్నకంటే ముందు, ఆ మూడున్నర గంటలలో ఒక గంట మీకు ఎవరు తిరిగి ఇస్తారన్నది మీ ఇంట్లో తేల్చుకోవాలి.

చర్చ ప్రారంభించిన ఉపాధ్యాయురాలు, నల్లగొండ

అందరికీ నమస్కారాలు. పోచంపల్లి చెల్లెలి మాట చదివిన రాత్రి మా వారికి కూడా చూపించాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉన్నారు. మరునాటి నుంచి రాత్రి వంట, గిన్నెలు ఆయనవి, పిల్లల చదువు నాది. ఇలా మూడు వారాలు గడిచాయి. ఇప్పుడు నాకు ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఒక నిండు గంట దొరికింది, అది వీణకు ఇచ్చాను. అరగంటలో శ్రుతి సరిచేసి వేళ్లు సాగే లోపే లేవవలసి వచ్చేది. ఇప్పుడు అలంకారాలు దాటి గీతాల్లోకి వచ్చాను. టైపు మాస్టారు గారు చెప్పినట్లు, చేతి విద్యను రోజూ ముట్టుకోవాల్సిందేనని నాకు నమ్మకం కుదిరింది.

గ్రంథపాలకుల వారితో నేను సగమే ఏకీభవించగలను. ఉర్దూ, శాసనాలు ఒక తల్లి బిడ్డలన్నది నిజమే గానీ, రెండు కొత్త లిపులు ఒకేసారి నేర్చుకుంటే ఒకదాని మీదికి మరొకటి వచ్చి పడుతున్నాయి. కాబట్టి ఆ రెండింటికీ నిడమనూరు రైతు గారి పద్ధతి పాటిస్తాను. వేసవి సెలవుల వరకు శాసనాల లిపి ఒక్కటే, అది కూడా ఆదివారాలు పానగల్లులో రాళ్ల ముందు కూర్చొని. నడకకు తెల్లవారుజామున అరగంట చాలు. వారానికి ఐదు రోజులు చురుగ్గా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. మిగిలిన గంట నిద్రకు వదిలేశాను, ఆరు నెలలుగా నేను పట్టించుకోనిది అదే.

తాతగారి కాగితాల మూట సెలవులు వచ్చేదాకా బీరువాలోనే ఉంటుంది. దానిని చూసినప్పుడల్లా మనసు కొంచెం లాగుతూనే ఉంది.