నికొలస్‌ని చంపారా, లేదా? ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ ముగింపు

పాతటేపు:
అమెరికన్ రాక్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్ 1999లో తెచ్చిన ఈ ఆల్బమ్ విననివాళ్ళ కోసం ముందు కథ చెప్తాను. నికొలస్‌కి ఒకే కల పదేపదే వస్తుంటుంది. హిప్నోసిస్‌తో వైద్యం చేసే హిప్నోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే, కళ్ళు మూయించి గతంలోకి తీసుకెళ్తాడు. 1928లో హత్యకు గురైన విక్టోరియాయే తన పూర్వజన్మ అని నికొలస్‌కి తెలుస్తుంది. ఆమె ప్రేమికుడు జూలియన్ ఆమెను కాల్చి, తనూ కాల్చుకున్నాడని అప్పట్లో పేపర్లో వచ్చింది. నిజానికి ఇద్దరినీ చంపింది జూలియన్ తోడబుట్టిన ఎడ్వర్డ్, సెనేటర్. చివరి పాటలో నికొలస్ ఇంటికొచ్చి గ్రామఫోన్ రికార్డు పెట్టుకుంటాడు. వెనకే హిప్నోథెరపిస్ట్ వచ్చి ‘ఓపెన్ యువర్ ఐస్, నికొలస్’ అంటాడు. ఒక అరుపు, తర్వాత గరగర. అంతే.
ఆ హిప్నోథెరపిస్టే మళ్ళీ పుట్టిన ఎడ్వర్డ్ అనీ, నికొలస్‌ని చంపేశాడనీ అందరూ తేల్చేశారు. నేను ఒప్పుకోను. 77 నిమిషాల డిస్క్‌లో ఆ మాట ఎక్కడా లేదు.

నిద్రలేనివాడు:
ఉంది సార్. అదే పాటలో ఎడ్వర్డ్ తుపాకీ పేల్చే ముందు ఏమంటాడు? ‘ఓపెన్ యువర్ ఐస్, విక్టోరియా’. కొన్ని నిమిషాల తేడాలో అదే మాట, పేరు మాత్రం మారింది. ఇంతకన్నా ఎలా చెప్పాలి? పైగా 2000లో న్యూయార్క్‌లో చేసిన కచేరీ డీవీడీలో, వ్యాఖ్యానంలో బ్యాండ్ వాళ్ళే ఈ విషయం చెప్పారు.

పాతటేపు:
వ్యాఖ్యానం ఆల్బమ్ కాదు. కథ చెప్పేవాడు డిస్క్ మీద చెప్పాలి, తర్వాత ఇంటర్వ్యూల్లో కాదు. హిప్నోథెరపిస్ట్ ఆ మాట అనడంలో వింత లేదు. హిప్నోసిస్ నుంచి మనిషిని బయటికి తెచ్చేటప్పుడు చెప్పేది అదే కదా.

డబుల్‌బాస్:
మీరిద్దరూ కథ పట్టుకుని వేలాడుతున్నారు. ఇందులోని ‘డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ ట్రాక్‌లో ఆరు నిమిషాల్లో తాళం వందసార్లకు పైగా మారుతుంది. ఒక్క మాట లేదు. నాకు ఆల్బమ్ అంటే అదే.

నిద్రలేనివాడు:
@పాతటేపు, సరే, డిస్క్ మీద ఉన్నదే లెక్క అంటున్నారు. ఏ లైను ఎవరిదో మీకెలా తెలిసింది? బ్యాండ్ గాయకుడు జేమ్స్ లబ్రీ ఒక్కడే పాత్రలందరి గొంతూ పాడతాడు. బుక్‌లెట్‌లో పాత్రల పేర్లు వేశారు కాబట్టి తెలిసింది. బుక్‌లెట్ కాగితం, డిస్క్ కాదు. దాన్ని ఒప్పుకుంటే వ్యాఖ్యానాన్నీ ఒప్పుకోవాలి.

పాతటేపు:
బుక్‌లెట్ డిస్క్‌తో పాటు అదే డబ్బాలో వచ్చింది. వ్యాఖ్యానం తర్వాత వేరే డబ్బాలో వచ్చింది. తేడా అంతే, అది చాలు.
ఇంకో సంగతి. నాకు బుక్‌లెట్ లేదు. హాస్టల్లో ఒకరి దగ్గర కాపీ చేయించుకున్న సీడీ, మీద మార్కర్‌తో రాసిన పేరు తప్ప ఏమీ లేదు. నెలల తరబడి విని, ఇంగ్లిష్ మాటలు ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో రాసుకుని కథ పట్టుకున్నాను. ఒక సీనియర్ అది చూసి, నలుగురిలో చదివి నవ్వాడు. ‘ముగింపే అర్థం కాలేదు వీడికి’ అన్నాడు. ఇప్పుడు మీరు మాట్లాడుతున్నదీ అదే గొంతు.

సితార:
‘హోమ్’ పాట మొదట్లో వచ్చే సితార్ మోత గురించి ఎవరూ మాట్లాడరేం? పూర్వజన్మ కథ కాబట్టి మన వాద్యం పెట్టారని నా అనుమానం.

నిద్రలేనివాడు:
నేను మిమ్మల్ని చూసి నవ్వలేదు. కానీ మీరు వాదించడం మానేసి మీ హాస్టల్ గొడవ చెప్తున్నారు. గరగర సంగతి చెప్పండి. ముల్లు రికార్డు మీద నుంచి ఎందుకు జారింది? పెనుగులాట జరగకపోతే అరుపు ఎందుకు?

పాతటేపు:
ఉలిక్కిపడ్డాడు. చీకట్లో వెనక నుంచి పిలిస్తే నువ్వు అరవవా?

నిద్రలేనివాడు:
‘నువ్వు’ దాకా వచ్చారా? నికొలస్ చనిపోయాడని ఒప్పుకోవడానికి మీకు భయం. అంతే, ఇంకేమీ లేదు.

పాతటేపు:
అవును, భయమే. నీకు తెలియాల్సింది ఒకటుంది. మా అన్న చనిపోయిన ఏడాది నేను రాత్రిళ్ళు ‘స్పిరిట్ క్యారీస్ ఆన్’ తప్ప ఇంకో పాట వినలేదు. చావంటే ఇక భయం లేదని నికొలస్ పాడతాడు, తర్వాత అతిథి గాయని థెరీసా థామసన్ గొంతు, వెనక కోరస్. ఆ పాట వింటేనే నిద్రపట్టేది. దాని తర్వాతి పాటలోనే వాణ్ణి చంపేశారని నువ్వంటే, నాకు చెప్పిన ఓదార్పంతా వల వేయడానికి చెప్పినట్టే కదా. దాన్ని నేను ఒప్పుకోలేను. డిస్క్, డబ్బా అని ఎంత వాదించినా, లోపలున్నది ఇదే.

డబుల్‌బాస్:
అన్నా, మీ అన్నగారి సంగతి నాకు తెలియదు. క్షమించండి.

నిద్రలేనివాడు:
నేనూ దాచకుండా చెప్తాను. మా నాన్న పోయాక మా అమ్మ ఒకాయన దగ్గరికి వెళ్ళేది. కళ్ళు మూయించి, పాత జన్మలు చూపిస్తానని, నాన్న మళ్ళీ ఎక్కడ పుట్టాడో చెప్తానని అనేవాడు. అమ్మ గాజులు అలాగే పోయాయి. అక్కడి నుంచి ఇంటికొచ్చిన రోజు మాత్రం అమ్మ ప్రశాంతంగా ఉండేది, అందుకే మేం ఆపలేకపోయాం. ఈ ఆల్బమ్ మొదటిసారి చివరిదాకా విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కళ్ళు మూసుకో అన్నవాడే హంతకుడు. నాకు తెలిసిన ఒక నిజం వేరేవాళ్ళ నోట విన్నది అప్పుడే. ఆ హత్య తీసేస్తే నాకు ఈ కథలో ఏమీ మిగలదు సార్.

పాతటేపు:
అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

నిద్రలేనివాడు:
బాగున్నారు. అక్కడికి వెళ్ళడం మానేశారు. నాన్న ఫోటో ముందు దీపం పెట్టి ఆయనతో మాట్లాడుకుంటుంది.

పాతటేపు:
అది మంచి పని. ‘స్పిరిట్’ ఆవిడకి ఒకసారి వినిపించు. మాటలు నువ్వే తెలుగులో చెప్పు, నా నోట్‌బుక్ ఇంకా ఉంది, కావాలంటే ఫోటోలు పంపుతాను.

నిద్రలేనివాడు:
పంపండి. చివరి పాట మాత్రం వినిపించను.

సితార:
ఒక్క మాట. 2002లో వచ్చిన వాళ్ళ తర్వాతి ఆల్బమ్ సరిగ్గా ఆ గరగరతోనే మొదలవుతుంది. అంటే ఆ ముల్లును ఎవరూ తీయలేదు. నికొలస్ బతికుంటే లేచి తీసేవాడు కదా?

పాతటేపు:
అది వేరే డబ్బా.