షెరిఫ్ ‘జర్నీస్ ఎండ్’ యుద్ధ వ్యతిరేక నాటకమేనా?

పాతపుస్తకం:
‘జర్నీస్ ఎండ్’ మొదటి ప్రపంచ యుద్ధం మీద వచ్చిన ఇంగ్లిష్ నాటకం. ఎవరిని కదిపినా ఇది యుద్ధాన్ని తిట్టిన నాటకం అంటారు. నాకెందుకో అలా అనిపించదు. రచయిత ఆర్.సి. షెరిఫ్ ఇన్సూరెన్స్ ఆఫీసు గుమాస్తా. ఈస్ట్ సర్రే రెజిమెంట్‌లో ఆఫీసరుగా వెళ్లి 1917లో పాషెన్‌డేల్ యుద్ధంలో గాయపడ్డాడు. 1928 డిసెంబర్‌లో లండన్‌లో లారెన్స్ ఒలీవియేతో తొలి ప్రదర్శన, మరుసటి ఏడాది సవాయ్ థియేటర్. మొత్తం 594 ఆటలు! తోటివాళ్లను తలుచుకుని రాశానన్నాడే గానీ ప్రచారం కోసం కాదన్నాడు. పైగా 1955లో ‘ద డామ్ బస్టర్స్’ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసింది కూడా ఈయనే. యుద్ధం అంటే గిట్టనివాడు బాంబుల సినిమా రాస్తాడా?

తెరవెనుక:
మాస్టారూ, రచయిత ఏమన్నాడన్నది పక్కన పెట్టి నాటకంలో ఏం జరిగిందో చూడండి. 1918 మార్చి, ఫ్రాన్స్‌లో సెయింట్ క్వెంటిన్ ఎదురుగా బ్రిటిష్ సైనికుల ట్రెంచ్ (కందకం). పట్టపగలు దాడికి పంపుతారు. చీకటి పడ్డాక వెళ్లొచ్చుగా అంటే, పైఅధికారుల భోజనం వేళ దాటిపోతుందట! ఆఫీసరు ఆస్బోర్న్‌తో పాటు ఆరుగురు సైనికులు తిరిగి రారు. కల్నల్ మాత్రం చేతికి చిక్కిన జర్మన్ కుర్రాడు చెప్పిన కబుర్లకి మురిసిపోతాడు. ఆ రాత్రే మిగిలిన ఆఫీసర్లకి కోడికూర, షాంపేన్. ఇంతకంటే ఏం తిట్టాలండీ?

గోదారిగాలి:
నా గొడవ వేరే. ఇదంతా ఆఫీసర్ల బాధే కదా. మామూలు సిపాయికి ఎన్ని డైలాగులున్నాయి? వంటవాడు మేసన్ ఉన్నాడు, నవ్వించడానికి.

తెరవెనుక:
అది ఒప్పుకుంటా. కానీ ఇంకో ఆఫీసరు హిబ్బర్ట్‌ని మర్చిపోకండి. న్యూరాల్జియా (నరాల నొప్పి) అని చెప్పి వెనక్కి వెళ్లిపోవాలని చూస్తాడు. కంపెనీ కమాండర్ స్టాన్‌హోప్ పిస్టల్ చూపించి బెదిరిస్తాడు, చివరికి తనకూ అంతే భయంగా ఉందని ఒప్పుకుంటాడు. ఆ న్యూరాల్జియా షెరిఫ్‌కే ఉండేదని ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలు చెబుతాయి. అంటే పిరికివాడని అందరూ అసహ్యించుకునే పాత్రకి తన జబ్బే ఇచ్చాడు. మిలిటరీ క్రాస్ మెడల్ మాత్రం స్టాన్‌హోప్‌కి ఇచ్చాడు.

పాతపుస్తకం:
న్యూరాల్జియా సంగతి నాకు తెలీదు. ఆ సీన్ మళ్లీ చదువుతా. డామ్ బస్టర్స్ పాయింటు మాత్రం వదలను.