దత్తత పిల్లల వీసాకి ఎన్నాళ్లు పడుతుందండీ?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమెరికా పౌరులైన మా తమ్ముడూ మరదలూ కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా ఒడిశా నుంచి అక్కాచెల్లెళ్లిద్దరిని దత్తత తీసుకున్నారు. ఐదేళ్లది, మూడేళ్లది. కలెక్టరు గారి ఆర్డరు వచ్చేసింది (2022 నుంచి కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు). ఇంకా కారా సర్టిఫికెట్, పాస్‌పోర్టులు, వీసాలు కావాలి. అప్పటిదాకా మా ఇంట్లోనే.

తమ్ముడికి సెలవు నెలరోజులే, అదే టెన్షన్. వాడు ముందు వెళ్లిపోతే మరదలు ఒక్కతే వీసా పని చూసుకోవచ్చా? పిల్లలకు తెలుగు రాదు, మా అమ్మకు ఒడియా రాదు. అయినా పొద్దస్తమానం కబుర్లే! పెద్దది మాత్రం బిస్కెట్లు దిండు కింద దాస్తోంది, చెల్లికట. అది మాన్పించాలా, వదిలేయాలా? అంతసేపు విమానంలో వీళ్లని ఎలా కూర్చోబెట్టడం? ఈ దారిలో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, పుణ్యముంటుంది. ఏజెంట్ల నంబర్లు మాత్రం వద్దండీ.