ఫ్లోరోసెంట్ ఆరెంజ్ బోర్డులు మూడు నెలలకే వెలిసిపోయాయి, తప్పెక్కడ జరిగింది?

తెనాలి_ప్రింటర్:
నమస్తే అండీ. తెనాలిలో మాది చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు. జనవరిలో పక్క ఊరి హైస్కూలు మలుపు దగ్గర పెట్టడానికి ‘బడి ఉంది, నెమ్మదిగా వెళ్ళండి’ అని రేకు మీద 6 బోర్డులు వేసిచ్చాను. ఫ్లోరోసెంట్ ఆరెంజ్. బిగించిన రోజు కాలవ అవతలి గట్టు నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఏప్రిల్ చివర్లో వెళ్ళి చూస్తే, పడమటెండ తగిలే నాలుగూ పాలిపోయి పసుపుకి తిరిగాయి. వేపచెట్టు నీడలో ఉన్న రెండూ బాగానే ఉన్నాయి. బూడిదరంగు ప్రైమర్ మీద నేరుగా వేశాను. ఇంకు పల్చగా అనిపిస్తే కాస్త తెలుపు కలిపాను. రాత్రి బైకు లైటు పడినా మెరవడం లేదని సర్పంచ్ గారు అంటున్నారు. డబ్బు తిరిగిచ్చేస్తాను, కానీ ఆ మలుపులో నడిచేది పిల్లలు. మళ్ళీ సరిగ్గా వెయ్యాలంటే ఏం చెయ్యాలి?

ఇంకుమిల్లు_పెద్దాయన:
తమ్ముడూ, జీడిమెట్లలో ఇంకుల యూనిట్లో 26 ఏళ్ళు చేశాను కాబట్టి చెబుతున్నా. నీ డబ్బాలో ఉన్నది మామూలు పిగ్మెంట్ కాదు. మెలమైన్ లాంటి రెజిన్‌ని, అంటే ప్లాస్టిక్ లాంటి బంకని, వండేటప్పుడే రోడమిన్ (గులాబీ రంగు) వంటి డై అందులో కరిగిస్తారు. చల్లారాక పెంకుల్లా పగలగొట్టి మిల్లులో నూరితే వచ్చే పొడి అది. రోడమిన్ తూకం వేసిన రోజు ఎన్నిసార్లు మొహం కడిగినా నీళ్ళు గులాబీగానే దిగేవి. పొద్దున లేస్తే దిండు మీద మచ్చ.

ఆ డై కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలనీ, నీలం వెలుగునీ మింగి, ఆరెంజ్ వెలుగుగా మార్చి వదులుతుంది. మామూలు రంగు తనమీద పడినదాంట్లో కొంత తిప్పికొడుతుంది, అంతే. దీనికి ఈ మార్చిన వెలుగు కూడా తోడవుతుంది. మబ్బు పట్టిన సాయంత్రం కూడా మండుతున్నట్టు కనపడేది అందుకే. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తమ సైన్యం ఎక్కడుందో విమానాలకి తెలియడానికి ఈ రంగు గుడ్డలే పరిచారు. వాటిని తయారుచేసింది అమెరికాలోని బాబ్, జో స్విట్జర్ అన్నదమ్ములు.

చిక్కేమిటంటే, ఆ ఎండే డైని విరగ్గొడుతుంది కూడా. ఆరెంజ్‌లో సాధారణంగా పసుపు డై, గులాబీ డై రెండూ ఉంటాయి. నీ బోర్డులో గులాబీ ముందు పోయింది, పసుపు మిగిలింది.

తెలుపు కలపడం పెద్ద పొరపాటు. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహితాన్ని తనే తినేస్తుంది, డైకి ఏమీ మిగలదు. తెలుపు కావలసింది అడుగున. ఈ పొడి పారదర్శకం, కిందికి దిగిన వెలుగు వెనక్కి రావాలి, బూడిదరంగు దాన్ని పీల్చేసింది. మంచి తెల్ల బేస్ వెయ్యి. ఈ పొడి రేణువు మామూలు పిగ్మెంట్ కంటే లావు, కాబట్టి కాస్త పెద్ద కన్నున్న మెష్ (స్క్రీన్ గుడ్డ) తీసుకుని రెండు కోట్లు లాగు. పైన యూవీని, అంటే అతినీలలోహితాన్ని, ఆపే క్లియర్ (రంగులేని పూత) కొట్టు. మెరుపు కొద్దిగా తగ్గినా ఎక్కువ కాలం ఉంటుంది. అయినా మన ఎండల్లో ఏళ్ళ తరబడి ఆగదు, ఆ మాట సర్పంచ్ గారికి ముందే చెప్పు.

రోడ్డు_కాంట్రాక్టు:
రాత్రి సంగతి వేరు అన్నా. మనవాళ్ళు మెరిసే ప్రతిదాన్నీ ‘రేడియం’ అనేస్తారు, గొడవంతా అక్కడే. బైకు లైట్లో ఫ్లోరోసెంట్‌ని మండించే కిరణాలు చాలా తక్కువ. బండ్ల వెనక అంటించే రేడియం స్టిక్కర్‌లో రేడియం లేదు, సన్నటి గాజు పూసలు గానీ అద్దాల్లాంటి పలకలు గానీ ఉంటాయి. అవి లైటుని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. మా కూలీల జాకెట్ చూడండి: పగటికి ఆరెంజ్ గుడ్డ, రాత్రికి వెండిరంగు పట్టీ. మీ బోర్డుకీ రెండూ కావాలి.

హ్యాంగర్_టెక్నీషియన్:
నేను విమాన భాగాల్లో పగుళ్ళు వెతికే పనిలో ఉన్నాను. భాగానికి ఫ్లోరోసెంట్ ద్రవం పట్టించి, కాసేపాగి కడిగేసి, తెల్ల పొడి చల్లి, చీకటి గదిలో యూవీ దీపం కింద పెడతాం. వెంట్రుకంత పగులు ఆకుపచ్చటి గీతలా వెలుగుతుంది. మీరు కూడా నోట్లు చూసే దీపంతో పరీక్షించండి. 500 నోటు నంబరు దాని కింద వెలుగుతుంది కదా, అలాగే. మీ బోర్డు మీద ఎక్కడ వెలగకపోతే అక్కడ డై చచ్చిపోయినట్టే.

తెనాలి_ప్రింటర్:
పక్క కిరాణా కొట్లో దీపం తెచ్చి చూశాను. నీడలో ఉన్న బోర్డు నిప్పులా వెలిగింది. ఎండలోది చాలాచోట్ల నల్లగానే ఉంది, బోల్టు వాషర్ కింద దాగిన చోట మాత్రం గుండ్రంగా ఉంగరంలా మండుతోంది. అది చూశాక ఇంక అనుమానం లేదు. రేకు ముక్క మీద తెల్ల బేస్, రెండు కోట్లు, సగానికి క్లియర్ వేసి డాబా మీద పెట్టాను. బడులు తెరిచేలోపు ఆరు బోర్డులూ నా ఖర్చుతోనే మళ్ళీ వేసిస్తాను, చుట్టూ రేడియం అంచుతో. పెద్దాయనా, ఆ క్లియర్‌ని స్క్రీన్ మీదే లాగొచ్చా, స్ప్రే చెయ్యాలా?